నలభై రెండో రాయి

గడ్చిరోలి,
9 అక్టోబర్ 1983

బావగారికి కిష్టన్న నమస్కారాలు.

మీకూ అక్కకూ ఒంట్లో బాగుందని తలుస్తాను. దసరాకు రాలేను. సెలవు అడిగితే సాహెబు నా మొహం కూడా చూడలేదు. బతుకమ్మ పేర్చి అక్క నా కోసం వాకిట్లో చూస్తుంటుంది, మీరే ఏదో ఒకటి చెప్పి ఆమెను ఊరుకోబెట్టండి.

జిల్లా పుట్టి ఏడాది దాటింది. ఫైళ్లు వచ్చాయి గానీ కుర్చీలు ఇంకా రాలేదు. చెక్కపెట్టె మీద టైపు మిషన్ పెట్టుకుని, ఇంకో పెట్టె మీద కూర్చుని కొడుతున్నాను. నాది ఇంకా టెంపరరీ కొలువే. మార్చి దాకా ఉంచుతారట, ఆ తర్వాత దేవుడి దయ. సుశీలకు ఈ సంగతి పూర్తిగా చెప్పలేదు, ఐదో నెల.

మీతో ఒక మాట అడగాలి. ఇక్కడ ఏ కాగితం తీసినా క్రియేషన్ అనే మాటే. జిల్లా క్రియేషన్, పోస్టుల క్రియేషన్, రికార్డుల క్రియేషన్. మీ ఇంట్లో ఉండి చదువుకునేటప్పుడు మిషన్ పాదిరి ఇచ్చిన పుస్తకంలో క్రియేషన్ అంటే దేవుడు ఆరు రోజులు పడ్డ కష్టం అని ఉండేది. గుమాస్తాలు దాన్ని దేవుడి దగ్గర ఎప్పుడు తీసుకున్నారో నాకు తెలియదు. డ్రాఫ్టు రాయమంటే ప్రతిసారీ ఆ మాట దగ్గర ఆగిపోతున్నాను. నాకు అర్థమయ్యేలా రాయండి.

ఇంకొకటి. చింతవాగు మీద జలాశయం క్రియేషన్ అని మా ఆఫీసుకు ఫైలు వచ్చింది. మునిగే ఊళ్ల జాబితాలో ఎర్రమడుగు ఉంది బావా. మన దేవయ్య ఊరు. పాతికేళ్ల నుంచి అక్కడ ఉన్నట్టు రుజువు చూపిస్తే భూమికి భూమి ఇస్తారు. లేకపోతే అడవిని అతిక్రమణ చేసినట్టు రాసి వెళ్లగొడతారు. వాళ్ల దగ్గర ఏమైనా కాగితం ఉందేమో కనుక్కోండి.

మీ
కిష్టన్న


సిరొంచ,
2 నవంబర్ 1983

కిష్టన్నా, దీవెనలు.

ఒంట్లో బాగుంది. నీ ఉత్తరం చదివాక మనసులో బాగాలేదు. నీ అక్క నర్సక్క అయితే, దసరాకు రానోడికి సకినాలు ఎందుకని డబ్బా మూత పెట్టేసింది. నా తిండి కూడా పోయింది నీ మూలంగా.

ముందు మాట సంగతి. ఇరవై రెండేళ్లుగా ఈ బడిలో ఇంగ్లీషు చెప్తున్నాను. ఫలానా మాటకు అర్థమేంటి అని అడిగినవాళ్లున్నారు గానీ, ఇన్ని చోట్ల ఎందుకుంది అని అడిగింది నువ్వొక్కడివే. ఇంగ్లీషోడు పీనాసిరా. ఒకే సంచిలో అన్నీ కుక్కుతాడు. దేవుడు లోకాన్ని చేస్తే క్రియేషన్, దొర గీత గీసి జిల్లా చేస్తే అదే. కవి పద్యం అల్లినా, దర్జీ రాణిగారికి గౌను కుట్టినా అదే. లేని కొలువు కాగితం మీద పుట్టినా అదే. మన దగ్గర ఎవరి పనికి వాళ్ల మాట ఉంది. కుమ్మరి కుండ చేస్తాడు, రైతు పండిస్తాడు, తల్లి కంటుంది, సర్కారు మంజూరు చేస్తుంది, దేవుడు సృష్టిస్తాడు. అందుకే నీకు అక్కడ కలం ఆగిపోతోంది. ఏ పనో చూసుకుని మాట ఏరుకో, ఆగవు.

ఇంకొక వాడుక ఉంది, అది వకీళ్లది. ఎదుటివాడి రుజువు చెల్లదనాలంటే 'ఇది రీసెంట్ క్రియేషన్' అంటారు. ఈమధ్య దొంగతనంగా పుట్టించిందని అర్థం. ఒక్క తిట్టు లేకుండా, గొంతు పెంచకుండా, మనిషిని దొంగను చేయొచ్చు. చూశావా ఎంత సొగసైన భాషో! సమయం వస్తే వాడుకో, నీ సాహెబు ముక్కు మీద వేలేసుకుంటాడు.

ఇక ఎర్రమడుగు. ఆదివారం నేనూ నీ అక్కా బండి కట్టుకుని పోయాం. దేవయ్యను నువ్వు మరిచిపోయి ఉండవు. నీకు పదేళ్లప్పుడు పాము కరిస్తే అడవిలోంచి సిరొంచ దవాఖాన దాకా భుజం మీద మోసుకొచ్చింది ఆయనే. ఇప్పుడు నడుం వంగింది గానీ నోరు వంగలేదు. కాగితం ఉందా అని అడిగితే నవ్వాడు.

"కాయితం ఏడికెల్లి తేవాలె సారూ? మా తాత ఊరు జేసిన్నాడు కాయితం లేకుండె. రాయి ఉండె."

ఊరు చేయడమేంటి అన్నాను. నీ క్రియేషన్ నా బుర్రలో తిరుగుతోంది మరి.

"గుడిసెలేస్తె ఊరైతదా? కాదు. ఒక్కడన్న సచ్చి, ఆని పేర రాయి పాతితెనే ఊరు. గప్పటిదాక అది అడివే. సచ్చినోళ్లు లేని జాగల మేం పండం, పొయ్యి ముట్టియ్యం."

వాగు ఒడ్డున టేకు చెట్ల కింద తీసుకుపోయి చూపించాడు. నలభై ఒక్క రాళ్లు కిష్టన్నా, మనిషి నడుమంత ఎత్తు కొన్ని, మోకాలంత కొన్ని. నిండా పాచి, మొదలు దగ్గర తెల్లటి బూజు. ఒక్కో రాయి మీద చెయ్యేసి పేరు చెప్పాడు. కలరా గత్తర వచ్చిన యేడు పోయిన తాత, పెద్ద గోదారి వచ్చిన యేడు పోయిన మేనత్త, పులి తిన్న తమ్ముడు. ఒక్కటి కూడా తడుముకోలేదు. ఆ పాచి పట్టడానికి ఎన్నేళ్లు పడుతుందో నీ సాహెబు చదువుకున్నవాడే కదా, చూస్తే తెలియదా? ఇదే వాళ్ల రికార్డు అని ఆయనకు చెప్పు.

మీ బావ
సాంబన్న


గడ్చిరోలి,
26 నవంబర్ 1983

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. రాళ్ల సంగతి సాహెబుకు చెప్పాను. మొదట విసుక్కున్నాడు. పాచి మాట చెప్పేసరికి కళ్లజోడు తీసి నా వైపు చూశాడు. "అచ్ఛా, అలాంటి రాళ్లుంటే అవే రుజువు. నేనే వచ్చి పంచనామా రాస్తాను" అన్నాడు. జనవరి మూడో వారంలో వస్తారు. దేవయ్యను ఊళ్లోనే ఉండమనండి. ఇంకేమీ చేయనక్కర్లేదు, రాళ్లు చూపిస్తే చాలు.

నా డ్రాఫ్టుల్లో ఇప్పుడు తప్పులు తగ్గాయి. "ఎవడు నేర్పిండు నీకు ఇంగ్లీషు?" అని సాహెబే అడిగాడు. మా బావ అన్నాను గర్వంగా. ఆరు పోస్టుల క్రియేషన్‌కు పైకి రాశారు. అందులో ఒకటి నాదయ్యేటట్టు చూస్తానన్నాడు.

అక్కకు చెప్పండి, సకినాల డబ్బా మూత తీయమని. సంక్రాంతి వెళ్లాక జీపులో సాహెబుతో వస్తాను, ఇంటికి కూడా వస్తాను.

మీ
కిష్టన్న


సిరొంచ,
28 ఫిబ్రవరి 1984

కిష్టన్నా,

జనవరి పోయింది, నువ్వూ రాలేదు, నీ సాహెబూ రాలేదు. రెండు కార్డులు రాశాను. జవాబు లేదు. చచ్చావా బతికావా అని నీ అక్క రోజూ పోస్టుమాన్ పోశాన్ని నిలబెట్టి అడుగుతోంది. కవర్లు దొరకలేదు, ఈ ఇన్‌లాండ్ లెటర్ మీదే ఇరికించి రాస్తున్నాను, కళ్లు చికిలించి చదువుకో.

ఎర్రమడుగు వాళ్లు జనవరి మూడో వారమంతా పనికి పోకుండా వాకిళ్లలో కూర్చున్నారు. సాహెబుకని దాచిన తేనెకు చీమలు పట్టాయి. ఆ తర్వాత కాంట్రాక్టరు మనుషులు వచ్చి చెట్లకు సున్నం గీతలు కొట్టారు. ఉగాదికల్లా ఖాళీ చేయాలని కేకలేసి పోయారు. దేవయ్య నా దగ్గరికి వచ్చాడు. "పంచనామ లేదు గించనామ లేదు సారూ. నీళ్లొస్తే మా పెద్దలు మునిగిపోతరు. వాళ్లను ముందుగాల గడ్డకెక్కియ్యాలె. జర నీ బండియ్యి" అన్నాడు.

వాళ్ల రివాజు నీకు తెలుసు కదా. కొత్త జాగాకు ముందు చచ్చినవాళ్లు పోవాలి, ఆ తర్వాతే బతికినవాళ్లు. పైన మిట్ట మీద చోటు చూసుకున్నారు. రాళ్లు పోకుండా మనుషులు పోరు. మనుషులు పోకపోతే కాంట్రాక్టరు ఊరుకోడు. నేను బండి ఇచ్చాను. ఇవ్వడమేంటి, నేనే తోలాను. ఈ నెల 23 నుంచి 26 దాకా నాలుగు రోజులు పట్టింది. మొత్తం నలభై ఒక్క రాళ్లు. వాగు ఒడ్డు నుంచి మిట్టకు తెచ్చాం, ఒక్కటి కూడా పగల్లేదు. దేవయ్య తాతది మొదట, పులి తిన్న తమ్ముడిది చివర.

తీసే ముందు ఒక్కో రాయికీ నీళ్లు పోసి, కొబ్బరి పీచుతో రుద్ది, పసుపు రాశారు. పాచంతా పోయింది. అయ్యో పాచి పోతోందే అన్నాను. "పయానం పోయెటోడు తానం జెయ్యడా సారూ?" అంది సోనుబాయి, దేవయ్య భార్య. నిజమే కదా అనిపించి నేనూ ఒక చెంబు పోశాను. పాత గుంతలు తెరిచి ఉంచితే చావు మళ్లీ వస్తుందట, పూడ్చి నాగలి తోలారు. అక్కడ ఏదైనా ఉండేదంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు.

అందుకే నీకు రాస్తున్నాను. సాహెబు వచ్చేలోపే ఈ సంగతి చెప్పి పెట్టు. ఈ రాళ్లు వాగు ఒడ్డువే, ఫలానా తారీఖున మిట్టకు మారాయి, మార్చినవాళ్లలో మా బావ ఉన్నాడు అని చెప్పు. సాక్షి సంతకం కావాలంటే నేను పెడతాను. వెంటనే జవాబు రాయి.

మీ బావ
సాంబన్న


గడ్చిరోలి,
8 మే 1984

బావగారికి నమస్కారాలు.

ఉత్తరం ఆలస్యమైంది, క్షమించండి. డిపార్టుమెంటు పరీక్ష ఉండింది, పాసయ్యాను. పోస్టుల ఆర్డరు వచ్చింది. నా పేరు మూడోది. ఇక టెంపరరీ కాదు. సుశీలకు మార్చిలో ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమం. అక్కకు చెప్పండి, ముక్కు అచ్చం అక్కదే.

అక్క కోసం చీర పంపుతున్నాను. మొదటి పూర్తి జీతంతో కొన్నది.

ఎర్రమడుగు తనిఖీ అయిపోయిందని విన్నాను. ఫైలు పైకి పోయింది. అది ఇప్పుడు నా చేతిలో లేదు. ఎండలు చాలా ఎక్కువగా ఉన్నాయి, మీరు మధ్యాహ్నం పూట బయట తిరగకండి.

కిష్టన్న


సిరొంచ,
20 జూన్ 1984

కిష్టన్నా,

తనిఖీ అయిపోయిందని విన్నావా? ఎవరి నోట విన్నావు?

నిన్న ఎర్రమడుగుకు నోటీసు వచ్చింది. మరాఠీలో ఒకటి, వెనక ఇంగ్లీషు నకలు ఒకటి. దేవయ్య నడుం మీద చెయ్యేసుకుని ఇంటిదాకా తెచ్చాడు, చదివి చెప్పమని. చదివాను. వాగు ఒడ్డున ఏ గుర్తూ లేదట. మిట్ట మీద ఉన్న రాళ్లు కొత్త మట్టిలో, పాచి లేకుండా, పసుపుతో ఉన్నాయట. ఆ కింద ఇంగ్లీషులో ఒక వాక్యం. 'ఈ రాళ్లు పరిహారం కోసం చేసిన రీసెంట్ క్రియేషన్.' అంచేత ఎర్రమడుగు ఊరు కాదు, అతిక్రమణ. భూమి ఇవ్వరు. మిట్ట కూడా ఖాళీ చేయాలి.

ఆ వాక్యం నేను దేవయ్యకు తెలుగులో చెప్పలేకపోయాను రా. ఏమని చెప్పను? నీ తాత అబద్ధం, నీ మేనత్త అబద్ధం, నీ తమ్ముణ్ణి పులి తినలేదు అని చెప్పనా? నీళ్లు తాగుతానని లోపలికి పోయి నిలబడ్డాను. నీ అక్కే బయటికి పోయి, "భూమి ఇయ్యరట అన్నా" అని ఒక్క ముక్క చెప్పింది.

ఆ మాట మన తాలూకాలో ఎవడికి తెలుసు? నేను నీకు తప్ప ఎవడికి చెప్పాను?

సోనుబాయి ఇంకో సంగతి చెప్పింది. ఏప్రిల్‌లో జీపు వచ్చినరోజు నేను పరీక్షల డ్యూటీలో ఉన్నాను. "సాహెబెంబడి సారు బామ్మర్ది ఉండె. ఇప్పపువ్వు ఇస్తె దిన్నడు. మా ఆయన పోయి, నువ్వన్న జెప్పు బిడ్డా, గీ రాళ్లు ఏడియో నీకెర్కే గదా అన్నడు. పిలగాడు కాయితంలకే సూసిండు, మొకమెత్తలే" అంది. కిష్టన్నా, నువ్వు సిరొంచ మీదుగానే కదా పోయావు? నీ అక్క వాకిలి ముందు నుంచి జీపు ఆపకుండా పోయావా?

సరే. తిట్టడానికి టైము లేదు. అప్పీలుకు వచ్చే నెల 16 తారీఖు ఇచ్చారు, గడ్చిరోలిలోనే, సాహెబు పై అధికారి ముందు. నేనొక వకీలును అడిగాను. రాళ్లు మారినట్టు, తగాదా పుట్టక ముందు రాసిన కాగితం ఏదైనా ఉంటే కేసు నిలుస్తుందట. ఒకే ఒక్కటి ఉంది. నేను నీకు ఫిబ్రవరి 28న రాసిన ఇన్‌లాండ్ లెటర్. రాత ఉన్న కాగితం మీదే పోస్టు ముద్ర పడి ఉంటుంది, తర్వాత రాశారని ఎవడూ అనలేడు. ఆ నాలుగు తారీఖులూ, రాళ్ల లెక్కా, పాచి పోయిన సంగతీ అన్నీ అందులో ఉన్నాయి.

అది పట్టుకుని 16న వరండాలో నిలబడు. నువ్వు మాట్లాడక్కర్లేదు. ఉత్తరం నా చేతికిచ్చి పో. నీ కొలువు పోతుందని భయమైతే సుశీలతో పంపు. దేవయ్యా నేనూ 14న బయల్దేరుతున్నాం.

నేను నిన్ను ఏమీ అడగను, నీ అక్కా అడగదు. ఉత్తరం తే.

సాంబన్న


గడ్చిరోలి,
30 ఆగస్టు 1984

బావా,

పోస్టుమాన్ పోశం బదిలీ మీద ఇక్కడికి వచ్చాడు. దేవయ్య ఊరు చేరకుండానే, దారిలో ఆష్టిలో చనిపోయాడని నిన్న అతనే చెప్పాడు. సుశీల పక్కనే ఉంది. "మరి ఆ ఉత్తరం?" అంది. ఆమెకు తెలుసని నాకు తెలియదు. పెట్టెలో నా సర్టిఫికెట్ల కింద చూసిందట. అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. పాపను కూడా నా చేతికి ఇవ్వడం లేదు.

అన్నీ రాస్తాను. దాచడానికి ఇంకేమీ లేదు.

జనవరిలో సాహెబు లీవు పెట్టాడు. తనిఖీ ఏప్రిల్‌కు పోయిందని నాకు పదో తారీఖునే తెలుసు. మీకు ఒక్క కార్డు రాస్తే అయిపోయేది. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకున్నాను, పరీక్ష చదువులో పడ్డాను. మీ రెండు కార్డులు వచ్చాక సిగ్గేసి ఇంకా రాయలేదు. ఫిబ్రవరి ఉత్తరం చదివి, మడిచి పెట్టెలో పెట్టాను. రాళ్లు కదిలాయని ఆ రోజే సాహెబుకు చెప్పాల్సింది. చెప్తే, నీకెట్ల తెలుసు అంటాడు. నవంబర్‌లో ఆ రాళ్లు చిన్నప్పుడు చూసినవని చెప్పాను గానీ, ఇప్పుడైతే ఆఫీసు సంగతులు ఇంటికి రాస్తున్నానని బయటపడుతుంది. పోస్టుల జాబితా ఆయన బల్ల మీద ఉంది. అది పైకి పోయాక చెబుదామనుకున్నాను.

జీపు సిరొంచలో ఆపుదామా అని సాహెబే అడిగాడు, మీ బావ ఊరు కదా అని. వాళ్లు ఊళ్లో లేరని చెప్పాను. అక్క వాకిలి ఊడుస్తోంది. నేను తల వంచుకున్నాను.

మిట్ట మీద దేవయ్య నా భుజం పట్టుకున్నాడు. నన్ను మోసిన భుజం ఆయనది. సాహెబు, "ఇవి కొత్తగా పాతినట్టున్నాయే?" అన్నాడు. అవునో కాదో చెప్పమన్నట్టు నన్ను చూశాడు. నేను "జీ" అన్నాను. అంతే బావా. ఒక్క అక్షరం.

రిపోర్టులో సాహెబు 'రాళ్లు కొత్తగా కనిపిస్తున్నాయి' అని మాత్రమే రాయమన్నాడు. ఆ మాట నేను పెట్టాను. ఎందుకు పెట్టానో ఇప్పటికీ తెలియదు. టైపు కొడుతుంటే మీ ఉత్తరంలోని వాక్యం చేతిలోకి వచ్చింది. బాగుంటుంది కదా అనిపించింది. సాహెబు దాని కింద ఎర్ర గీత గీసి, "వాహ్!" అన్నాడు.

జూలై 16న నేను లీవు పెట్టాను. ఆఫీసు ఎదురుగా చాయ్ హోటల్లో కూర్చున్నాను. ఉత్తరం జేబులోనే ఉంది. మీరిద్దరూ తడిసి ముద్దై వరండాలో నిలబడ్డారు. దేవయ్య గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. మీరు గేటు దాకా వచ్చి దారి వైపు చూశారు, మళ్లీ లోపలికి పోయారు, మళ్లీ వచ్చారు. ఐదుసార్లు. నేను లెక్కపెట్టాను. లేవలేదు.

ఉత్తరం ఇందులో పెట్టాను. గడువు దాటిపోయిందని తెలుసు. అయినా మీ దగ్గర ఉండాల్సింది, నా దగ్గర కాదు. అక్కకు ఏం చెప్తారో మీ ఇష్టం.

కిష్టన్న


సిరొంచ,
19 సెప్టెంబర్ 1984

శ్రీ కిష్టన్న గారికి,

మీ ఉత్తరం, దాంతోపాటు నా ఉత్తరం అందాయి. తాలూకా కచేరికి పట్టుకుపోయి చూపించాను. అక్కడి గుమాస్తా మంచివాడు. మొత్తం చదివి, ముద్ర చూసి, "ఇది జూలైలో ఉంటే ఎంత బాగుండేది సార్" అన్నాడు. కుర్చీ వేసి చాయ్ తెప్పించాడు. తాగలేక వచ్చేశాను.

దేవయ్య సంగతి మీరు పోశం నోట విన్నారు. నా నోట కూడా వినండి. కాగితం లేదని 16న అప్పీలు కొట్టేశారు, 17న తిరిగి బయల్దేరాం. వైన్‌గంగ నది పొంగి ఆష్టిలో ఆగిపోయాం. వరండాలో తడిసినప్పుడే ఆయనకు చలిజ్వరం పట్టింది. బస్టాండులో గోనె పరిచి పడుకోబెట్టాను. దవాఖానలో సూదిమందు ఇచ్చారు గానీ తగ్గలేదు. రెండో రోజు పొద్దున నా చెయ్యి పట్టుకుని, "గీడ సస్తె నేను ఏ ఊరోన్నయిత సారూ?" అని అడిగాడు. ఆయన తువ్వాలు తడిపి నుదుటి మీద వేశాను. మధ్యాహ్నానికి పోయాడు. దారి తెరవలేదు. ఆ ఊరివాళ్లే నలుగురు సాయం పట్టారు, నది ఒడ్డున పూడ్చాం. ఆయన తువ్వాలు ఒక్కటి తెచ్చి సోనుబాయికి ఇచ్చాను.

చివరిదాకా మీ మీద ఒక్క మాట అనలేదు. గేటు దగ్గర నేను తిరుగుతుంటే, "వస్తడు సారూ, పిలగానికి ఏం పనివడ్డదో. జర పరేషాన్ గాకు" అన్నాడు.

మీరొక్కరే దోషి అని నేను అనుకోవడం లేదు. బండి నాది. ఒక చెంబు నీళ్లు నేనూ పోశాను, పాచి పోతోందని తెలిసి కూడా. ఆ మాట నేర్పింది నేను, సొగసైన భాష అని మురిసింది నేను. బడికి పోతున్నాను గానీ, పాఠం పిల్లల చేతే చదివిస్తున్నాను.

మిట్ట మీద గుడిసెలు వేయనివ్వడం లేదు. సగం మంది కమలాపూర్ వైపు చుట్టాల దగ్గరికి పోయారు. మిగతావాళ్లు ఆకుపందిళ్ల కింద ఉన్నారు. నలభై ఒక్క రాళ్లను మాత్రం ఎవరూ పీకలేదు. కాగితం మీద అవి లెక్కలోకి రావు కాబట్టి పీకే పని కూడా ఎవరిదీ కాలేదు.

పోయిన ఆదివారం సోనుబాయి కబురు పంపింది. నేనూ నర్సక్కా పోయాం. వాగులోంచి ఒక రాయి తెచ్చారు, మోకాలి ఎత్తు. తువ్వాలు గుంతలో వేసి, దాని మీద రాయి నిలబెట్టారు. పసుపు రాయడం అయ్యాక సోనుబాయి నా వైపు తిరిగింది.

"సారూ, గిది కాయితంల ఎక్కియ్యి. గీ రాయి కొత్తదే అని రాయి. గా నలభై ఒకటి పాతయి, గిదొక్కటే కొత్తది. ఉన్నదున్నట్టు రాయి, అవద్దం ఆయనకు పడదు. ఇగ గిది ఊరే. మమ్మల్ని ఏడికి ఎల్లగొట్టినా గిది ఊరే."

అందుకని రాస్తున్నాను. 16 సెప్టెంబర్ 1984, ఆదివారం, ఎర్రమడుగు మిట్ట మీద, దేవయ్య పేరిట ఒక రాయి పాతారు. ఇది కొత్తది. సాక్షి, సాంబన్న, ఇంగ్లీషు టీచరు. సాక్షి, నర్సక్క, వేలిముద్ర కింద ఉంది.

మీరు పంపిన చీర మడత విప్పలేదు, వేరే పార్శిల్‌లో పంపుతున్నాం. పాపకు దాంతో ఏదైనా కుట్టించండి.

ఇది కూడా ఇన్‌లాండ్ లెటరే. ముద్ర కాగితం మీదే పడుతుంది. వేలిముద్ర వేసేటప్పుడు మీ అక్క ఒక మాట అంది, అది కూడా ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "వానికెందుకు రాస్తవు? ఇదిగూడ దాసుకుంటడు."

సాంబన్న